లినెన్ రూమ్ కిటికీ

ఆవిడ పోయిన మర్నాడు పొద్దున్న డ్యూటీకి వచ్చిన వాళ్ళందరి యూనిఫాంల మీదా, పై నుంచి రెండో గుండీకి నల్లదారం చుట్టి ఉంది. వంటింటి వాళ్ళకి, గదులు సర్దేవాళ్ళకి, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకి, చివరికి రిసెప్షన్‌లో వారం కిందట చేరిన అమ్మాయికి కూడా. నేను సర్కులర్ ఇవ్వలేదు. జనరల్ మేనేజరూ చెప్పలేదు. ఈ హోటల్లో ఎవరు ఏ రంగు సాక్సు తొడుక్కోవాలన్నా నా సంతకం పడాలి, ఎందుకంటే స్టాఫు మేనేజరుని నేను. ఆ రోజు మాత్రం నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా కోటు గుండీకి ఏ దారమూ లేదు.

తెలిసిన మనిషి పోతే ఏడుపు రావాలి కదా. నాకు కుళ్ళొచ్చింది. దాచుకోవడమెందుకు, పచ్చి కుళ్ళు. నేను పోతే ఏం చేస్తారు వీళ్ళు? నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా నేనే కాబట్టి అదీ అనుమానమే.

ఆవిడ మా హోటల్లో లినెన్ రూమ్ చూసేది. దుప్పట్లు, తువ్వాళ్ళు, టేబుల్ గుడ్డలు, స్టాఫు యూనిఫాంలు అన్నీ ఉండే గది అది. మాకు బేస్‌మెంటులో ఉంది, సరిగ్గా నా కేబిన్‌కి గోడ అవతల. దానికొక కిటికీ. డ్యూటీ ఎక్కే ముందు అందరూ ఆ కిటికీ దగ్గర వరసలో నిలబడి మాసిన జత ఇచ్చి ఉతికిన జత తీసుకోవాలి. మాసింది ఇవ్వకపోతే ఉతికింది ఇవ్వరు. అన్ని పెద్ద హోటళ్ళలోనూ ఇదే పద్ధతి, ఇందులో ఆవిడ కనిపెట్టిందేమీ లేదు. మేనేజర్లం మాత్రం వరసలో నిలబడం. మా బట్టలు హ్యాంగర్‌కి తగిలించి కేబిన్‌కే పంపుతారు.

మెడలో కొలత టేపు, ముడిలో గుచ్చిన నీలం మార్కింగ్ పెన్ను, ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళజోడు. మాసిన చొక్కా చేతికి రాగానే బొటనవేలితో కాలరు లోపలి వైపు ఒకసారి నిమిరేది. తరువాత జేబుల్లో చెయ్యి పెట్టేది. తరువాత కిటికీ అవతలున్న మనిషి మొహంలోకి చూసేది. ఎప్పుడూ ఆ వరసే. "ఎలా ఉన్నావు" అని ఆవిడ ఎవర్నీ అడగగా నేను వినలేదు. "కాలరు చెప్పేస్తదండీ, మళ్ళా మనిషిని అడగడం దేనికి?" అనేది నాతో.

నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. డిప్లొమా చదివినవాణ్ణి నేను. 'ఉద్యోగి మానసిక స్థితి' అని రెండు పేజీల ఫారం నా చేత్తో తయారుచేసి మూడు నెలలకోసారి అందరిచేతా నింపించేవాణ్ణి. అందరూ అన్ని గళ్ళలోనూ 'అచ్ఛా' అని రాసి ఇచ్చేవాళ్ళు. ఒకసారి రెండో అంతస్తు గదులు సర్దే సునీతని ఉన్నట్టుండి కింద తువ్వాళ్ళు మడిచే పనికి మార్చమని ఆవిడ చీటీ పంపింది. కారణం రాయలేదు. నేను తిప్పి పంపాను. మళ్ళీ పంపింది. విసుగొచ్చి సంతకం పెట్టాను. రెండు నెలల తరువాత సునీత నా కేబిన్‌కి వచ్చి ప్రసవం సెలవు ఫారం అడిగింది. అప్పుడు తెలిసింది. ఆ పిల్ల తన అత్తగారికి కూడా చెప్పకముందే, యూనిఫాం పక్క కుట్లు బిగుతు కావడం చూసి ఆవిడ పట్టేసిందన్నమాట.

"నాకెందుకు చెప్పలేదు మేడమ్?" అన్నాను.

"ఆ పిల్ల నోటితో చెప్పని మాట నా నోటితో ఎలా చెప్తానండీ, తమ్ముడుగారూ!" అంది.

ఆ తమ్ముడుగారూ అన్న పిలుపొకటి. హోటల్లో తెలుగువాళ్ళం మేమిద్దరమే. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. ఆవిడ తల్లి గోదావరి వైపు నుంచి రైల్వే ఆసుపత్రికి నర్సుగా వచ్చింది. ఇద్దరం రాయపూర్‌లోనే పుట్టి పెరిగాం. అందరి ముందూ సర్ అనేది, ఇద్దరమే ఉంటే తమ్ముడుగారూ అనేది. నేను మాత్రం ఎప్పుడూ మేడమ్ అనే అనేవాణ్ణి. మేనేజరుకీ, లినెన్ రూమ్‌కీ మధ్య ఒక గీత ఉండాలని నా పట్టుదల. ఆవిడకి గీతలన్నీ బట్టల మీద సుద్దముక్కతో గీసేవే, కుట్టు పడగానే దులిపేసేది.

జేబుల్లో దొరికినవాటిని ఆవిడ పారేసేది కాదు. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో పాత కవరు. పేర్లు హిందీలో, నీలం మార్కింగ్ పెన్నుతో. బస్సు టికెట్లు, మందుల చీటీలు, పిల్లల ఫొటోలు, సగం రాసి ఆపేసిన ఉత్తరాలు అన్నీ అందులో పడేవి. అడిగితే ఇచ్చేది. అడగకపోతే ఉంచేది. ఎవరి కవరూ ఇంకొకరికి చూపించేది కాదు. ఒకసారి రెస్టారెంటులో కెప్టెన్ ఒకడి మీద విచారణ చేస్తూ అతని కవరు ఇమ్మన్నాను. "అది అతనిదండి, హోటల్‌ది కాదు" అని నా మొహం మీదే అల్మరా తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. నేను ఏమీ చేయలేకపోయాను.

ఇంకొక రోజు సంగతి చెప్పాలి. మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, స్టాఫు మేనేజరు ఇంటి గొడవలు స్టాఫుకి తెలియకూడదని. మధ్యాహ్నం లినెన్ రూమ్ ముందు నుంచి వెళ్తుంటే ఆవిడ టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చుంది. రోజూ అదే భోజనం, బియ్యప్పిండి చీలా, అంటే ఇక్కడివాళ్ళ అట్టు, నంజుకోవడానికి గోంగూర పచ్చడి. నన్ను చూసి లేచి నిలబడి మెల్లగా అడిగింది.

"అమ్మగారికి ఎలా ఉందండీ?"

"ఎవరు చెప్పారు మీకు?"

"నాలుగు రోజుల్నుంచి మీ కోటు ఫినాయిల్ వాసనొస్తోందండి. మా అమ్మ బట్టలూ అలాగే వచ్చేవి."

"మీ పని మీరు చూసుకోండి మేడమ్" అని వచ్చేశాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. కానీ ఆ రోజు సిగ్గు వేయలేదు. ఇంటికి పోయాక మా ఆవిడతో, ఆ లినెన్ ఆవిడకి ఎంత ధైర్యమో చూడు అని తిట్టాను. మా ఆవిడ అంతా విని, "హోటల్లో ఒక్కరైనా అడిగారు కదా" అంది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

లాక్‌డౌన్ వచ్చిన ఏడు మా హోటల్ ఖాళీ అయిపోయింది. సిల్తారా ఫ్యాక్టరీలకి వచ్చే ఇంజనీర్లు లేరు, తిల్దా రైసు మిల్లుల వాళ్ళ పెళ్ళిళ్ళు లేవు. ఊళ్ళకి పోలేక ఇరుక్కుపోయిన స్టాఫు నలభై మంది దాకా హోటల్లోనే ఉండిపోయారు. ఒడిశా వాళ్ళు, బెంగాల్ వాళ్ళు, బస్తర్ పిల్లలు. వాళ్ళతో పాటు నేనూ, ఆవిడా. నాకు పాస్ ఉన్నా ఉండిపోయాను. ఇది నా సమయం అనుకున్నాను. స్టాఫు మేనేజరు విలువ కష్టకాలంలోనే కదా తెలియాలి!

నిజం చెప్పొద్దూ, బాగానే కష్టపడ్డాను. అందరికీ విడివిడిగా గెస్టుల గదులు ఇప్పించాను. మూడు పూటలా భోజనం ఆగకుండా చూశాను. పొద్దున్నే టెర్రస్ మీద వ్యాయామం పెట్టించాను. అన్నిటికన్నా ముఖ్యం, నా కేబిన్‌లో ఒక హెల్ప్‌లైన్ పెట్టాను. ఎవరికి దిగులు వేసినా, భయం వేసినా ఏ గది నుంచైనా నాకు ఫోన్ చేయొచ్చు. హిందీలో, ఇంగ్లీషులో పోస్టర్లు వేయించి ప్రతి అంతస్తులోనూ అంటించాను. కుర్చీ దగ్గరికి లాక్కుని ఫోను ముందు కూర్చున్నాను.

ఫోను మోగలేదు.

రెండో రోజూ మోగలేదు. మూడో రోజు లైను చెడిపోయిందేమోనని రిసెప్షన్‌కి పోయి అక్కడి నుంచి నా నంబరుకి నేనే చేసుకున్నాను. చక్కగా మోగింది. కింద నుంచి నా కేబిన్ ఫోను మోత మెట్ల మీదుగా పైకి వినిపించింది కూడా.

ఇక గోడ అవతల! పొద్దున్న ఎనిమిది దాటితే చాలు, లినెన్ రూమ్ ఫోను ట్రింగుమని మొదలయ్యేది. ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు. "హాఁ... హాఁ బేటా... ఫిర్?" ఊఁ, తరువాత అని. అంతే. అవతలివాళ్ళే మాట్లాడుకునేవాళ్ళు. పైగా హోటల్లో ఒక్క గెస్టు లేకపోయినా ఆవిడ యూనిఫాం మార్పిడి మానలేదు. గదుల్లో కుళాయిలు తిప్పి వదలడానికీ, మంచాలు దులపడానికీ డ్యూటీ చార్టు వేసి, ప్రతివాణ్ణీ యూనిఫాంలోనే తిప్పేది. కిటికీ ముందు వరస మామూలుగానే ఉండేది. నా తలుపుకి స్ప్రింగు ఉంది, దానంతట అదే మూసుకుంటుంది. దాని వెనకాల కూర్చుని గోడకి చెవి వొగ్గి, ఒక చీటీ మీద రెండు నిలువు గడులు గీశాను. ఒకదాని మీద 'లినెన్' అని రాశాను. రెండోదాని మీద 'నేను' అని రాశాను. అవతల ఫోను మోగినప్పుడల్లా ఒక గీత.

వయసొచ్చిన మనిషి చేసే పనేనా అది? ఊరంతా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునుంటే నేను గీతలు పెట్టుకుంటున్నాను. వారానికి మొదటి గడి నిండిపోయి వెనక వైపుకి పాకింది. రెండో గడి తెల్లగా ఉంది. చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు సర్కులర్ తయారుచేశాను. అంటువ్యాధి జాగ్రత్తల దృష్ట్యా యూనిఫాం మార్పిడి నిలిపివేయడమైనది, సిబ్బంది సొంత బట్టలే వేసుకోవచ్చును, లినెన్ రూమ్ కిటికీ వద్ద గుమికూడరాదు, ఫోను అత్యవసరాలకు మాత్రమే, ఇతర సమస్యలకు హెల్ప్‌లైన్‌ను సంప్రదించవలెను. కింద నా సంతకం. తప్పు పట్టడానికి వీల్లేని సర్కులర్. మాసిన బట్టలు చేతులు మారితే ప్రమాదమని ఆ రోజుల్లో అందరూ అంటున్నదే. జనరల్ మేనేజరు ఇంటి నుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు కూడా.

ఆవిడ సర్కులర్ చేత్తో పట్టుకుని నా కేబిన్‌కి వచ్చింది. అన్నేళ్ళలో ఆవిడంతట ఆవిడ రావడం అదే మొదలు.

"తమ్ముడుగారూ, మాస్కు కట్టుకుంటానండి. గ్లవ్‌జులు తొడుక్కుంటానండి. మరుగు నీళ్ళలో పడేశాకే ముట్టుకుంటాను. కిటికీ మాత్రం మూయొద్దండీ."

"రూలు మేడమ్. మీ ఆరోగ్యం కోసమే."

"మూసేస్తే ఎవడు తింటన్నాడో, ఎవడు తింటల్లేదో నాకెలా తెలుస్తదండీ?"

"మీకు తెలియక్కర్లేదు. హెల్ప్‌లైన్ ఉంది."

ఆవిడ నా బల్ల మీది ఫోను వైపు చూసింది. చూసి వెళ్ళిపోయింది. కిటికీ చెక్క తలుపు దించిన చప్పుడు గోడలోంచి వినిపించింది. ఆ తలుపు మీదే సర్కులర్ అంటించమని మనిషిని పంపాను. ఆ పూట నాకు అన్నం సయించింది. ఇది కూడా రాయాలి.

కిటికీ మూసిన ఆరో రోజు పొద్దున్న వ్యాయామానికి ఖగేశ్వర్ రాలేదు. వంటింట్లో పెద్ద గిన్నెలు తోమే మనిషి, ఒడిశాలో బలంగీర్ వైపు పల్లె. మాటలు తక్కువ. గదికి పోయి చూస్తే మంచం మీద యూనిఫాం మడత పెట్టి ఉంది, పైన పేరు బిళ్ళ, పక్కన గది తాళం. హోటల్ సొత్తు ఏదీ తీసుకుపోలేదని చెప్పడానికన్నమాట. వంటింటి వాళ్ళని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాస్కుల వెనక ఎవరు ఏమయ్యారో ఎవరికీ తెలియదు, సొంత చొక్కాల్లో అందరూ ఒకేలా వదులుగా ఉన్నారు. ఆ ఎండల్లో, ఆ రోజుల్లో, నడిచిపోయేవాళ్ళకి దారిలో ఏమవుతోందో రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం.

ఆవిడ ఆ మడత పెట్టిన ప్యాంటు చేతిలోకి తీసుకుంది. సర్కులర్ వచ్చాక కూడా అతను పనిలో అదే తొడుక్కున్నట్టుంది, నడుము దగ్గర బెల్టు లూపుల్లోంచి కొబ్బరి తాడు వేలాడుతోంది.

"బెల్టు చాలక తాడుతో బిగించాడండి" అంది. "వారం నుంచి తింటల్లేదు. బండి తీయించండి, తమ్ముడుగారూ."

సరుకుల కోసం పాస్ ఉన్న వ్యాన్‌లో బయల్దేరాం. డ్రైవరు, ఆవిడ, నేను. ఉతికిన యూనిఫాం జత ఒకటి ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. అదెందుకని అడగలేదు. ఒడిశా వైపు రోడ్డెక్కి మందిర్ హసౌద్ దాటాం. రోడ్డు మీద మూటలతో, పిల్లలతో గుంపులు గుంపులుగా నడుస్తున్నారు జనం. ప్రతి గుంపు దగ్గరా డ్రైవరు నెమ్మది చేస్తున్నాడు, ఆవిడ తల బయట పెట్టి చూస్తోంది. నేను కోటు కూడా విప్పకుండా కూర్చుని ఒకటే మొక్కు మొక్కుతున్నాను. అతను దొరికితే చాలు, ఆ కిటికీ ఇక జన్మలో మూయను.

ఆరంగ్ ఇంకా రాకముందే, మూసేసిన ఒక ఢాబా రేకుల నీడలో కనిపించాడు. ఒక చెప్పు తెగిపోయి చేతిలో ఉంది. వ్యాన్‌ని చూసి లేచి నిలబడబోయి కూలబడ్డాడు. నేను దిగి, హెల్ప్‌లైన్ ఉందిగా, నాకెందుకు చెప్పలేదని అరవబోయాను. ఆవిడ నన్ను దాటుకుపోయి అతని ముందు నేల మీద చతికిలబడింది. నీళ్ళ సీసా ఇచ్చింది. అతను సీసా ఖాళీ చేశాడు. తరువాత ఉతికిన చొక్కా ముందుకు చాపింది.

"మైలా వాలా దే, బేటా" అంది. మాసింది ఇవ్వు అని. అంతే, రోజూ కిటికీ దగ్గర అనే మాటే.

అతను ఆ చొక్కాలో మొహం పెట్టుకుని భోరున ఏడ్చాడు. తండ్రికి పక్షవాతం వచ్చిందట. ఊరి నుంచి ఫోన్ వచ్చిందట. చెప్పుకుందామని మూడు రోజులు వరసగా కిందకి వచ్చాడట.

"దీదీ, ఖిడ్కీ బంద్ థీ" అన్నాడు. కిటికీ మూసి ఉంది అని.

"ఉస్ పే కుఛ్ లిఖా థా" అన్నాడు మళ్ళీ. దాని మీద ఏదో రాసి ఉంది. అతనికి హిందీ మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు. స్టాఫు ఫైళ్ళన్నీ నా అల్మరాలోనే ఉంటాయి. ఆ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది.

ఆవిడ నా వైపు తిరిగి చూస్తుందేమోనని ఆ ఎండలో చూపు దించుకుని నిలబడ్డాను. చూడలేదు. ఆ రోజే కాదు, తరువాత కూడా ఎప్పుడూ ఆ సర్కులర్ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండేది. దానికి కూడా కుళ్ళే వచ్చింది నాకు. అంత ఓర్పు ఎక్కడిది ఆ మనిషికి?

హోటల్‌కి రాగానే నేనే స్వయంగా సర్కులర్ చింపేసి, కిటికీ చెక్క తలుపు పైకెత్తాను. మాస్కులు, గ్లవ్‌జులు, మరుగు నీళ్ళు, ఆవిడ చెప్పిన జాగ్రత్తలన్నీ పెట్టించాను. ఆవిడ లోపలికి పోయి చేతులు కడుక్కుని కిటికీలో నిలబడింది.

"ముందు మీ కోటు ఇవ్వండి, తమ్ముడుగారూ. బయట తిరిగొచ్చారు."

విప్పి ఇచ్చాను. కాలరు నిమిరింది. జేబులో చెయ్యి పెట్టింది. నేను అక్కడ ఆగలేదు, ఖగేశ్వర్‌కి ఊరు వెళ్ళే పాస్ కోసం కలెక్టర్ ఆఫీసుకి ఫోన్లు చేయాలి. రెండు రోజులు తిరిగి, వాళ్ళ గుమ్మం అరగదీసి ఆ పాస్ తెచ్చాను. ఆ పని మాత్రం నేనే చేశాను. అతను పోయి తండ్రిని కళ్ళారా చూసుకున్నాడు. దీపావళికి తిరిగొచ్చి డ్యూటీలో చేరాడు.

ఆ వారమే ఒక వింత జరిగింది. ఎవరో నా తలుపు కొట్టారు. చూస్తే ఖగేశ్వర్‌తో పాటు గిన్నెలు తోమే ఇంకొకతను. "సర్, కాసేపు కూర్చోవచ్చా?" అన్నాడు. కూర్చుని ఇంటి దిగులంతా చెప్పుకున్నాడు. మర్నాడు బస్తర్ పిల్ల ఒకతె వచ్చింది, నిద్ర పట్టడం లేదని. ఆ తరువాత బెంగాలీ వంటవాడు. ఆ తరువాత సెక్యూరిటీ వాడు. నేను వింటున్నాను. మొదట్లో మధ్య మధ్య సలహాలు ఇచ్చేవాణ్ణి, తరువాత మానేసి, గోడ అవతల ఆవిడ అన్నట్టే హాఁ, ఫిర్ అనడం నేర్చుకున్నాను. తలుపుకున్న స్ప్రింగు పీకించేశాను.

ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ రోడ్డు మీదికి వ్యాన్‌లో పోయానని నా పేరు మోగిపోయిందనుకున్నాను. పాస్ తెచ్చిన ఘనత అనుకున్నాను. గెలిచాను అనుకున్నాను. ఒకరోజు ఆవిడ తువ్వాళ్ళ దొంతర మోసుకుపోతూ నా గుమ్మం దగ్గర ఆగింది.

"ఈమధ్య తమ్ముడుగారి దగ్గర రద్దీ బాగా పెరిగిందండోయ్!"

"అవును మేడమ్, ఊపిరాడ్డం లేదు" అన్నాను, కాలు మీద కాలు వేసుకుని. ఆవిడ నవ్వుకుంటూ పోయింది. ఆ నవ్వు ఓడిపోయినవాళ్ళ నవ్వులా లేదని ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది.

తరువాతి ఏళ్ళలో ఆవిడకి గుండె జబ్బు పట్టింది. పని మానమంటే మానలేదు. పక్కన సునీతని కూర్చోబెట్టుకుని కాలరు నిమరడం నేర్పింది. ఆఖరి నెల మాత్రం ఇంటి పట్టునే ఉంది. చూడటానికి వెళ్దాం, వెళ్దాం అనుకుంటూనే నేను వెళ్ళలేదు. స్టాఫంతా వంతులు వేసుకుని వెళ్ళారని తెలిసి, ఆ గుంపులో నేనెందుకని ఆగిపోయాను. కారణం ఏమిటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

ఆవిడ పోయిన నాలుగో రోజు సునీత నా కేబిన్‌కి వచ్చింది. చేతిలో ఒక పాత కవరు.

"దీదీ అల్మరాలో ఉంది, సర్. అందరి కవర్లూ అందరికీ పంచేశాను. ఇది ఎవరిదో తెలియలేదు, హిందీలో లేదు."

కవరు మీద నీలం మార్కింగ్ పెన్నుతో, గుండ్రటి తెలుగు అక్షరాలతో 'తమ్ముడుగారు' అని ఉంది.

లోపల నా చీటీ. రెండు నిలువు గడులు. 'లినెన్' అన్న గడిలో నా పెన్సిల్ గీతలు కిక్కిరిసి ఉన్నాయి. 'నేను' అన్న రెండో గడి, నేను తెల్లగా వదిలిన గడి, తెల్లగా లేదు. అందులో నీలం గీతలున్నాయి. అయిదేసి చొప్పున కట్టలు కట్టి, వరసగా. ఒక్కో గీత పక్కన చిన్న అక్షరాలతో పేర్లు. మొదటి పేరు ఆ గిన్నెలు తోమే అతనిది. రెండోది ఆ బస్తర్ పిల్లది. తరువాత బెంగాలీ వంటవాడు, సెక్యూరిటీ వాడు. నా తలుపు కొట్టినవాళ్ళంతా, కొట్టిన వరసలోనే.

"ఇవేంటో నీకు తెలుసా?" అని సునీతని అడిగాను.

ఆమె చీటీ చూడనే లేదు. తల దించుకుంది. "కిటికీ దగ్గర మేము ఏదైనా చెప్పుకుంటే దీదీ అనేది, సర్. సర్ దగ్గరికి వెళ్ళు, ఆయన చాలా బాగా వింటారు, నీ గురించి నిన్ననే అడిగారు అని. మేము నమ్మేవాళ్ళం. వచ్చేవాళ్ళం."

నేను ఎవరి గురించీ, ఏ రోజూ ఆవిడని అడగలేదు.

పద్దెనిమిదో పేరు దగ్గర గీతలు ఆగిపోయాయి. దాని కింద బట్టల మీద గుర్తు పెట్టినట్టు అడ్డంగా ఒక గీత కొట్టి, ఒక్క వాక్యం రాసింది ఆవిడ.

'ఇక్కణ్ణించి వాళ్ళంతట వాళ్ళే వస్తన్నారండి.'

సునీత వెళ్ళిపోయింది. ఏడ్చాను, నాలుగు రోజులు ఆలస్యంగా. ఆవిడకి నా కుళ్ళు మొదటినుంచీ తెలుసు. కిటికీ ఎందుకు మూయించానో కూడా తెలుసు. తెలిసే ఆ ఏళ్ళన్నీ గుమ్మం ముందు తువ్వాళ్ళు మోసుకుంటూ నవ్వింది. ఏడుస్తూ ఏడుస్తూ కూడా ఆవిడ మీద కుళ్ళు పోలేదు, ఇంకా పెరిగింది. నేను బతికుండగా ఎవరికోసమైనా అలాంటి చీటీ ఒకటి నింపగలనా?

పొద్దుటి డ్యూటీ మారే వేళ అయింది. హ్యాంగర్ మీద నా ఉతికిన కోటు తెచ్చిన మనిషిని వెనక్కి పంపేశాను. ఒంటి మీది కోటు విప్పి చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళాను. కిటికీ ముందు వరస అప్పటికే మెట్ల దాకా ఉంది. నన్ను చూసి దారి ఇవ్వబోయారు. వద్దన్నాను. ఖగేశ్వర్ వెనక నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. సునీత కోటు అందుకుని, బొటనవేలితో కాలరు నిమిరి, నా మొహంలోకి చూసింది. ఏమీ అడగలేదు. సూదిలోకి నల్లదారం ఎక్కించి, నా ఉతికిన కోటు మీద రెండో గుండీ వెతుక్కుంటోంది.